రెండో ఓవరు ఎవరిస్తారు?

2025 మార్చి 30, ఆదివారం, ఉగాది. పొద్దున్నే పచ్చడి తిని, మధ్యాహ్నానికల్లా పీఎం పాలెం స్టేడియంలో కూచున్నాం, నేనూ మావాడూ. ఢిల్లీకీ హైదరాబాదుకీ ఐపీఎల్ మ్యాచి. పండగపూట ఎండలో మాడడం అవసరమా అని ఇంట్లో అక్షింతలు పడ్డాయనుకోండి, అది వేరే సంగతి.

హైదరాబాదు 163కే చాప చుట్టేసింది. మిచెల్ స్టార్క్ ఒక్కడే 5 వికెట్లు తీశాడు. ఢిల్లీ వాళ్ళు 16 ఓవర్లలో కొట్టేశారు. మ్యాచిగా చూస్తే చప్పగానే ముగిసింది. కానీ ఢిల్లీ పోగొట్టుకున్న ఆ మూడు వికెట్లూ తీసింది ఒక్కడే: జీషాన్ అన్సారీ అనే లెగ్‌స్పిన్నర్. అతనికదే మొదటి ఐపీఎల్ మ్యాచి. డుప్లెసి, ఫ్రేజర్-మెక్‌గర్క్, కేఎల్ రాహుల్. ఆషామాషీ వికెట్లు కావు.

ఈ అన్సారీ ఎవరా అని తీరిగ్గా వెతికితే తెలిసింది. లక్నో కుర్రాడు, తండ్రి దర్జీ. 2016 అండర్-19 ప్రపంచకప్పుకి వెళ్ళిన జట్టులో ఉన్నాడు. రిషభ్ పంత్, ఇషాన్ కిషన్, వాషింగ్టన్ సుందర్‌లు ఉన్న జట్టే అది. వాళ్ళంతా ఎక్కడికో వెళ్ళిపోయారు. ఇతను ఉత్తరప్రదేశ్ రంజీ జట్టులో నాలుగైదు మ్యాచులాడి అక్కడే ఆగిపోయాడు. ఏళ్ళు గడిచాయి. 2024లో వాళ్ళ రాష్ట్రపు టీ20 లీగులో అందరికన్నా ఎక్కువ వికెట్లు తీస్తే, హైదరాబాదు వాళ్ళు 40 లక్షలకి తీసుకున్నారు. ఐపీఎల్ లెక్కల్లో 40 లక్షలంటే మన ఆఫీసులో టీ ఖర్చు లాంటిది.

నాకు నచ్చింది మాత్రం వికెట్లు కాదు. ఆ రోజతను నాలుగు ఓవర్లలో 42 పరుగులిచ్చాడు, అంటే ఓవరుకి పది పైనే. అయినా నాలుగు ఓవర్లూ వేయించారు. మొదట్లో బంతి స్టాండ్సులో పడగానే మావాడు నా భుజమ్మీద చరిచి, "అయిపోనాది, తీసేస్తారు సూడు" అన్నాడు. తియ్యలేదు. మావాడు ఆ మాట ఎందుకన్నాడో చివర్లో చెప్తాను.

ఈ "తియ్యకపోవడం" గురించి నేను మొదటిసారి విన్నది క్రికెట్లో కాదు, బేస్‌బాల్లో. 2005లో ఆన్‌సైటని మినియాపాలిస్ పంపారు. బేస్‌బాల్ గురించి నాకప్పటికి తెలిసిందల్లా అది మన గిల్లీదండాకి దూరపు చుట్టమని. పక్క క్యూబికల్ పెద్దాయన ఊరుకోడుగా! మెట్రోడోముకి తీసికెళ్ళి యోహాన్ సాంటానాని చూపించాడు. చూపించి ఊరుకోకుండా, లంచి టైములో అతని చరిత్రంతా చెప్పాడు.

బేస్‌బాల్లో పెద్ద జట్టు ఒక్కోదానికీ కింద మెట్లు మెట్లుగా చిన్న జట్లుంటాయి. వాటినే మైనర్ లీగులంటారు. కుర్రాళ్ళని అక్కడ పడేస్తారు. చాలామంది అక్కడే బస్సుల్లో తిరిగి తిరిగి, అరకొర జీతాలతో ముసలాళ్ళయిపోతారు. ఒక జట్టు తన దగ్గర మూలన పడి ఉన్న కుర్రాణ్ణి ఏళ్ళతరబడి అట్టేపెట్టుకోకుండా 'రూల్ 5' అని ఒక నిబంధన పెట్టారు. ఏటా డిసెంబర్లో, పక్కజట్టు అలాంటివాణ్ణి తక్కువ సొమ్ముకి లాక్కుపోవచ్చు. మెలిక ఒకటుంది. తీసుకున్నవాణ్ణి ఏడాది పొడుగునా పెద్ద జట్టులోనే ఉంచుకోవాలి. ఉంచుకోలేకపోతే పాత జట్టుకి తిరిగిచ్చెయ్యాలి.

సాంటానా వెనెజ్వేలా కుర్రాడు. హ్యూస్టన్ వాళ్ళ కింది జట్టులో 1999లో అంతంతమాత్రంగా ఆడుతున్నాడు. ఆ డిసెంబర్లో మినెసోటా ట్విన్స్ వాళ్ళు ఫ్లోరిడాతో ఒక చిన్న బేరమాడుకుని, ఎదురు 50 వేల డాలర్లు కూడా పుచ్చుకుని మరీ ఇతన్ని తెచ్చుకున్నారు. డబ్బిచ్చి మరీ వదిలించుకున్నారన్నమాట. 2000లో పెద్ద జట్టులో ఆడితే చావుదెబ్బలు తిన్నాడు. తొమ్మిది ఇన్నింగ్సులకి సగటున ఆరున్నర పరుగులు. మన భాషలో చెప్పాలంటే, ప్రతి రిలీజులోనూ సెవ్ వన్ తెచ్చేవాడు. అయినా రూలు ప్రకారం ఉంచుకున్నారు. 2002లో కింది జట్టుకి పంపి, ఛేంజప్ అనే నెమ్మది బంతి మీద కూచోబెట్టారు. 2004లో ఆ లీగుకి అత్యుత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు వచ్చింది. 2006లో ఇంకోటి.

పెద్దాయన ఇదంతా చెప్పి, ట్విన్స్ వాళ్ళ చూపు గొప్పదని మురిసిపోయాడు. నాకు వేరే అనుమానం వచ్చింది గానీ అప్పుడు అడగలేదు. తర్వాత ఎప్పుడో పాత పట్టికలు తిరగేస్తే దొరికింది. 2000 సీజన్లో ట్విన్స్ 69 గెలిచి 93 ఓడారు. వాళ్ళ డివిజన్లో అందరికన్నా అడుగు. ఎలాగూ ఓడిపోతున్నప్పుడు ఓ కుర్రాడు ఇంకో నాలుగు పరుగులిస్తే పోయేదేముంది? చూపు సంగతేమో గానీ, వాళ్ళకి ముందు ఖాళీ ఉంది.

ఇదేదో ఒక్కచోట కాకతాళీయమనుకోడానికి లేదు. 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ వాళ్ళు మన దేశం నుంచి రింకూ సింగ్, దినేశ్ పటేల్ అని ఇద్దర్ని పిచర్లుగా తీసుకున్నారు. ఇద్దరూ ఉత్తరప్రదేశ్‌లో జావెలిన్ విసిరేవాళ్ళు. బేస్‌బాల్ బంతి పట్టుకుని నిండా ఏడాది కాలేదు. టీవీ పోటీ ఒకటి పెట్టి, గట్టిగా విసిరేవాళ్ళని ఏరారు. దాని మీద 2014లో సినిమా కూడా వచ్చింది. సినిమాలో చెప్పనిది ఏంటంటే, పైరేట్స్ వాళ్ళు 1993 నుంచి 2012 దాకా వరసగా 20 సీజన్లు గెలుపులకన్నా ఓటములే ఎక్కువ మూటగట్టుకున్నవాళ్ళు. దినేశ్‌ని 2010లో పంపించేశారు. రింకూ కొన్నేళ్ళు కింది లీగుల్లో లాగి, గాయాలపాలై, చివరికి కుస్తీ వినోదంలోకి వెళ్ళిపోయాడు. అన్ని పందేలూ సాంటానాలవ్వవు.

మన దగ్గరకొద్దాం. ఐపీఎల్ మొదలైన 2008లో, ప్రతి జట్టులోనూ ఆ చుట్టుపక్కల ప్రాంతపు ఆటగాళ్ళు కొందరుండాలని నిబంధన ఉండేది. అందుకని డెక్కన్ చార్జర్స్‌లో గిల్‌క్రిస్ట్, సైమండ్స్, అఫ్రిదీల పక్కన మన పైడికాల్వ విజయకుమార్, డి. కళ్యాణకృష్ణ లాంటి ఆంధ్ర బౌలర్లు కనిపించారు. ఆంధ్ర రంజీ జట్టు 1953-54లో సి.కె. నాయుడు కెప్టెన్సీలో మొదలైంది. అప్పట్నుంచీ రంజీలో బంతులేసినవాళ్ళని చూసిన జనం ఎంతమంది? ఇప్పుడు హఠాత్తుగా ఇంటింటి టీవీలోకీ వచ్చారు. జట్టు మాత్రం 14లో 2 గెలిచి అట్టడుగున తేలింది. అభిమానంతో తీసుకున్నారో రూలుండి తీసుకున్నారో అని అప్పట్లో తెగ వాదించుకునేవాళ్ళం. ఇప్పుడు నా అభిప్రాయం, రూలుండబట్టే. అందులో తప్పేమీ లేదు కూడా. ట్విన్స్ వాళ్ళూ రూలుండబట్టే ఉంచుకున్నారు.

ఆంధ్ర నుంచి దేశం తరఫున ఆడినవాళ్ళు అంటే నాకు గుర్తొచ్చే వరస ఇది: 1998లో ఎమ్మెస్కే ప్రసాద్, 2005లో మా విశాఖ వేణుగోపాలరావు, 2018లో హనుమ విహారి, 2023లో కోన శ్రీకర్ భరత్. ఇద్దరు కీపర్లు, ఇద్దరు బ్యాట్స్‌మెన్. ఫాస్ట్ బౌలరు లేడు. మా గాజువాక, దువ్వాడ, మింది వీధుల్లో టెన్నిస్ బంతితో నిప్పులు చెరిగేవాళ్ళకి లోటులేదు. నేను కీపర్ని, చేతులు వాచిపోయేవి, నాకు తెలుసు.

దువ్వాడ అంటే గుర్తొచ్చింది. ఎర్రా పృథ్వీరాజ్ దువ్వాడ కుర్రాడే. ఎడంచేతి ఫాస్ట్ బౌలరు, 2017లో ఆంధ్ర తరఫున రంజీ మొదలుపెట్టాడు. 2019 ఐపీఎల్‌కి కోల్‌కతా వాళ్ళు 20 లక్షలకి తీసుకున్నారు. ఏప్రిల్ 21న హైదరాబాదులో ఆడించారు. ఆ మ్యాచిలో హైదరాబాదు ఒక్కటే వికెట్ పోగొట్టుకుంది: డేవిడ్ వార్నర్, 67 దగ్గర బౌల్డ్. తీసింది మావాడే. మొదటి ఐపీఎల్ వికెట్టు డేవిడ్ వార్నరంటే ఇంకేం కావాలి చెప్పండి? ఆ సీజన్లో అతనికి దక్కింది మొత్తం రెండు మ్యాచులు. ఆ ఏడు కోల్‌కతా ప్లేఆఫ్ కోసం చివరిదాకా పెనుగులాడి, హైదరాబాదుతో సమానంగా 12 పాయింట్లు తెచ్చుకుని, రన్‌రేటులో తేలిపోయి ఐదో స్థానంలో మిగిలింది. ఐదో స్థానంలో ఉన్నవాడికి కుర్రాళ్ళకి నేర్పించే తీరికుండదు. 2020లో భువనేశ్వర్‌కి గాయమైతే హైదరాబాదు వాళ్ళు ఇతన్ని పిలిచారు గానీ, ఆడే అవకాశం రాలేదు.

ఇప్పుడదే 2019లో ఇంకోవైపు చూడండి. మన మహమ్మద్ సిరాజ్. తండ్రి హైదరాబాదులో ఆటో తోలేవారు. 2016-17 రంజీలో 41 వికెట్లు తీస్తే, 20 లక్షల నుంచి పాట మొదలై 2.6 కోట్లకి హైదరాబాదు వాళ్ళు తీసుకున్నారు. 2018లో అదే ధరకి బెంగుళూరు వాళ్ళు. అక్కణ్ణుంచి రెండేళ్ళు నానా తిట్లూ తిన్నాడు. 2019 ఏప్రిల్ 5న కోల్‌కతా మీద పరాకాష్ఠ. రెండు ఓవర్ల రెండు బంతుల్లో 36 పరుగులు. నడుం పైకి రెండు ఫుల్‌టాసులు వేస్తే అంపైరు ఇక బౌలింగే వద్దన్నాడు. మిగతా ఓవరు ఇంకొకళ్ళు పూర్తిచేశారు. ఆట మానేసి మీ నాన్నతో కలిసి ఆటో తోలుకో అని జనం తిట్టారని తనే తర్వాత చెప్పుకున్నాడు. ఆ సీజన్లో ఓవరుకి తొమ్మిదిన్నర పరుగులు. మన లెక్కల్లో అయితే బెల్ కర్వులో ఎడమవైపు చివరి గీత.

బెంగుళూరు వాళ్ళు తియ్యలేదు. ఇక్కడ నా అనుమానం మళ్ళీ పట్టిక తిరగేయించింది. 2019లో బెంగుళూరు ఎన్నో స్థానం? ఎనిమిదింట ఎనిమిది!

2020 అక్టోబరు 21, అబుదాబి. మళ్ళీ అదే కోల్‌కతా. సిరాజ్‌కి కొత్త బంతిచ్చారు. 4 ఓవర్లు, 2 మెయిడెన్లు, 8 పరుగులు, 3 వికెట్లు. ఒకే ఐపీఎల్ మ్యాచిలో రెండు మెయిడెన్లు వేసినవాడు అంతకుముందు లేడు. నెల తిరిగేసరికి ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి పోయారు. తిరిగిరాకుండా అక్కడే ఉండి, మెల్‌బోర్న్‌లో మొదటి టెస్టాడి, బ్రిస్బేన్‌లో ఐదు వికెట్లు తీశాడు. 2023లో కొలంబోలో ఆసియాకప్పు ఫైనల్లో 21 పరుగులకి 6 వికెట్లు. 2025 ఆగస్టులో ఓవల్ టెస్టు 6 పరుగుల తేడాతో గెలిచినప్పుడు చివరి వికెట్టూ ఇతనిదే. ఇవన్నీ మీకు తెలిసినవే. 2019 ఏప్రిల్ 5 మాత్రం అందరూ మర్చిపోయారు. నేను మర్చిపోకూడదని రాసుకున్నాను.

ఇక మా ఉక్కు నగరం వాడి సంగతి. నితీశ్ కుమార్ రెడ్డి తండ్రి ముత్యాలరెడ్డిగారు విశాఖ హిందుస్తాన్ జింకులో ఉద్యోగి. ఇక్కడి కర్మాగారం 2012లో మూతపడి, ఉదయపూర్ వెళ్ళమంటే, కొడుకు ఆట కోసం ఉద్యోగమే వదిలేశారు. మాకు ఈ ఊళ్ళో పర్మనెంటు ఉద్యోగం అంటే ఏంటో మీకు చెప్పాలి. స్టీల్‌ప్లాంటు క్వార్టర్సులో పెరిగినవాణ్ణి నేను. సైరన్ మోగితే నాన్న డ్యూటీకెళ్ళినట్టు, ఒకటో తారీకున జీతం వచ్చినట్టు, ఇంక లోకంలో భయం లేనట్టు. అలాంటిది వదులుకోవడమంటే చుట్టాలంతా ఇంటికొచ్చి గడ్డి పెట్టే వ్యవహారం.

హైదరాబాదు వాళ్ళు నితీశ్‌ని 2023 సీజన్‌కి 20 లక్షలకి తీసుకున్నారు. ఆ ఏడు రెండు మ్యాచులాడాడు, బ్యాటు పట్టే అవసరమే రాలేదు, వికెట్టూ లేదు. మామూలుగా అయితే అక్కడితో ఫైలు మూసెయ్యాలి. కానీ ఉంచుకున్నారు. (2023లో హైదరాబాదు స్థానం? మీరే చెప్పగలరు ఈపాటికి. పదింట పది.) 2024లో 303 పరుగులు చేసి ఆ సీజన్ వర్ధమాన ఆటగాడి అవార్డు పట్టుకొచ్చాడు. నవంబర్లో పెర్త్‌లో టెస్టు.

2024 డిసెంబరు 28 పొద్దున్న మీరూ టీవీ ముందే ఉండుంటారు. మెల్‌బోర్న్‌లో నితీశ్ 99 మీద అవతలి కొసన నిలబడి ఉండగా బుమ్రా సున్నాకి ఔటయ్యాడు. తొమ్మిది వికెట్లు పోయాయి. కమిన్స్ ఓవర్లో ఇంకా మూడు బంతులున్నాయి. వచ్చింది ఎవరూ? సిరాజ్. నా జీవితంలో బ్యాటింగంటే అంత భయపడి ఎప్పుడూ చూడలేదు. ఆ మూడూ కాచుకున్నాడు. తర్వాతి ఓవర్లో నితీశ్ బోలాండ్‌ని మిడాన్ మీదుగా కొట్టి, మోకాలి మీద కూచుని బ్యాటు నిలబెట్టి హెల్మెట్ దానికి తగిలించాడు. స్టాండ్సులో తండ్రి ఏడుస్తున్నారు. మా ఇంట్లోనూ ఒకరిద్దరు ఏడ్చారు, ఎవరని అడక్కండి. అట్టడుగు జట్లు ఓపిగ్గా ఉంచుకున్న ఇద్దరు, ఒకడు హైదరాబాదు, ఒకడు విశాఖ, ఆ చివర ఒకడు ఈ చివర ఒకడు.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, నాకూ ఇలాంటి లెక్కలు రెండున్నాయి.

మొదటిది 2003. డాట్‌కామ్ బుడగ పేలాక ఏడాది పైన జాయినింగ్ డేటు కోసం ఎదురుచూసి, ఉద్యోగంలో చేరిన ఆర్నెల్లకి ఓ రాత్రి ప్రొడక్షన్ డేటాబేసులో ఒక టేబుల్ ఎగరగొట్టాను. వేర్ క్లాజు మర్చిపోవడం గురించి మనలో చాలామందికి చెప్పక్కర్లేదు. మా లీడ్ తెల్లారేదాకా నా పక్కన కూచుని బ్యాకప్ ఎక్కించి, పొద్దున్న క్లయింటుకి తన పేరు మీద మెయిలు రాశాడు. ఇరవయ్యేళ్ళుగా ఆయన మహానుభావుడని చెప్పుకుంటూ వచ్చాను. మహానుభావుడే. కానీ ఆ ప్రాజెక్టు అప్పటికే నష్టాల్లో ఉంది. ఎవ్వరూ రామనే ప్రాజెక్టు. నన్ను తీసేస్తే ఇంకొకడు దొరకడు. ఈ రెండోముక్క నాకు పట్టికలు తిరగేశాకే తట్టింది.

రెండోది ఈమధ్యది. శ్రీకాకుళం వైపు కుర్రాడు, మా టీములో కొత్త. నెమ్మది, మాట పెగలదు. ఒక రిలీజులో రెండు గంటలు సర్వీసు పడిపోవడానికి కారణమయ్యాడు. రేటింగుల మీటింగులో అడుగున ఎవరో ఒకరి పేరు ఉండాల్సిందే అన్నారు. ఆ ఏడాది మా టీము అకౌంటు మొత్తానికి నంబర్ వన్. అంటే మాకు పోగొట్టుకోడానికి చాలా ఉంది, ఖాళీ లేదు. అతని పేరు చెప్పింది నేను కాదు. వద్దనందీ లేదు. కాఫీ కప్పులోకి చూస్తూ కూచున్నాను. మూడు నెల్లకి అతను వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నాకు థాంక్స్ చెప్పి వెళ్ళాడు, అదొకటి.

"ఓడిపోయే జట్టే దయగలది" అని నేను తేల్చేశాననుకోకండి. ఓడిపోయే జట్లు ఏటా వదిలించుకునే బౌలర్లు వేలమంది. అడుగున ఉండడం వల్ల అవకాశం వస్తుందే గానీ, ఉంచుకోవాలన్న నిర్ణయం మాత్రం ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి. సిరాజ్ విషయంలో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నంబర్ వన్ టీములో చెప్పడానికి ఖరీదెక్కువ, అంతే. నేనా ఖరీదు పెట్టలేదు.

సరే, మావాడి సంగతి చెప్తానన్నాను కదూ. 1996లో, ఊళ్ళో ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో ప్రపంచకప్పు మ్యాచి జరిగిన ఏడాది. ఆస్ట్రేలియా, కెన్యా, మార్క్ వా 130 కొట్టాడు. గోడ పక్కన నిలబడి చూసొచ్చి, నెల్లాళ్ళు మేమంతా మార్క్ వాలం. మావాడు మాత్రం బౌలరే. వాడి బంతి సెక్టారు గ్రౌండులో ఎవడికీ కనపడేది కాదు. ఆ ఎండాకాలం సెలక్షన్లకని ఒక మ్యాచి ఆడించారు. వాడు అంతకుముందు కార్కుబంతి పట్టింది బహుశా నాలుగుసార్లు. మొదటి ఓవర్లో నాలుగు వైడ్లు, రెండు ఫోర్లు. కెప్టెన్ వాణ్ణి థర్డ్‌మ్యాన్‌కి పంపాడు. మధ్యాహ్నం దాకా అక్కడే నిలబడ్డాడు. సాయంత్రం సైకిల్ మీద వెనక్కి వస్తుంటే ఒక్కటే అన్నాడు, "రెండో ఓవరు ఇత్తాడేమో అనుకున్నాన్రా."

ఇప్పుడు పోర్టు రోడ్డులో ఓ లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు చూసుకుంటున్నాడు. బాగానే ఉన్నాడు. ఇద్దరు పిల్లలు, చిన్నది బంతి వేస్తుందట, స్పిన్ను.

ఉగాది రోజు మ్యాచయ్యాక మధురవాడ ట్రాఫిక్కులో బండి ఆగి ఉండగా, వెనకాల కూచున్న నాతో అన్నాడు: "ఏట్రా, ఆ లెగ్‌స్పిన్ కుర్రోడికి నాలుగోవర్లూ ఇచ్చీసారు!" ఆ తర్వాత కాసేపాగి, "నువ్వోపాలి చెప్పినావు గదా, మీ ఆఫీసులో మన సీకాకుళపోడు. ఏటి చేస్తన్నాడు ఇప్పుడు?"

తెలీదన్నాను. సిగ్నల్ పడింది. నంబరు నా ఫోన్లో ఉంది. ఇది రాసేనాటికి ఇంకా చెయ్యలేదు.